షూస్‌ మార్చారా? కాళ్లకు కాస్త గడువివ్వండి!

ఆదివారం పొద్దున హైదరాబాద్‌ నెక్లెస్‌ రోడ్డులో పరుగు ముగించుకుని పీపుల్స్‌ ప్లాజా దగ్గర చెమట తుడుచుకుంటున్న వాళ్ల మధ్య కాసేపు నిలబడితే చాలు, ఈ మాట చెవిన పడుతుంది: ‘షూ మార్చిన దగ్గర్నుంచీ పిక్క పట్టేస్తోందండీ’. పక్కనున్నాయన వెంటనే అందుకుంటారు: ‘నాకైతే పొద్దున లేవగానే మడమ నేలకు ఆనించలేకపోతున్నా. పాత షూతో ఏ బాధా లేదు. పన్నెండు వేలు పోసి కొత్తది కొన్నాకే ఈ తిప్పలు’. విశాఖ బీచ్‌ రోడ్డులో విన్నా ఇదే గోడు. విన్నవాళ్లు ఇచ్చే సలహాలు కూడా ఎక్కడైనా రెండే. ఆ కంపెనీది మంచిది కాదు, ఇంకోటి కొనమనేది ఒకటి. నాలుగు రోజులు ఓర్చుకుంటే అదే అలవాటైపోతుందనేది రెండోది. మొదటిది జేబుకు చేటు, రెండోది కాలికి.

పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగుకీ మన శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలంతో నేల మనల్ని తిరిగి తోస్తుంది. ఓ మోస్తరు వేగంతో కిలోమీటరు పరిగెత్తాలంటే సుమారు వెయ్యి అడుగులు పడతాయి. పది కిలోమీటర్లకు పదివేలు. ఇంత భారాన్ని మాయం చేసే షూ ఇప్పటిదాకా తయారు కాలేదు. మూటను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నట్టు, మోకాలి మీది భారాన్ని పిక్కకో, మడమ మీదిదాన్ని వేళ్ల మొదళ్లకో అది మార్చగలదు. భారం కొత్తగా వచ్చి పడిన చోటు అందుకు సిద్ధంగా లేకపోతే అక్కడ నొప్పి పుడుతుంది. కొత్త షూ తెచ్చే నొప్పుల్లో చాలావాటికి కారణం ఇదే. అందుకే షూ మంచిదా చెడ్డదా అని అడిగేకంటే, పాతదానికీ దీనికీ తేడా ఏమిటని అడగడం మేలు.

కంటికి ఆనని ఎనిమిది మిల్లీమీటర్లు

తేడాల్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ‘డ్రాప్‌’. మడమ కింద సోల్‌ ఎంత ఎత్తుంది, వేళ్ల దగ్గర ఎంత ఎత్తుంది అన్న లెక్కలో తేడానే రన్నర్లు అలా పిలుస్తారు. చాలా ఏళ్లుగా మనం వేసుకుంటున్న మామూలు రన్నింగ్‌ షూస్‌లో ఇది 8 నుంచి 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. కొన్నిటిలో నాలుగే. అసలు తేడానే లేని ‘జీరో డ్రాప్‌’ రకాలూ ఉన్నాయి. దుకాణంలో రెండు జతలూ పక్కపక్కన పెట్టి చూసినా ఈ తేడా కంటికి పెద్దగా ఆనదు. కాలికి మాత్రం తెలిసిపోతుంది.

పన్నెండు మిల్లీమీటర్ల డ్రాప్‌ నుంచి నాలుగుకు మారారనుకోండి. మడమ ఎనిమిది మిల్లీమీటర్లు కిందికి దిగింది. పిక్క కండరాన్ని మడమ ఎముకకు బిగించి ఉంచే అకిలిస్‌ స్నాయువు ప్రతి అడుగులోనూ ఆ మేరకు ఎక్కువ సాగాలి. పరుగులో ఆ ఒక్క స్నాయువు మీదే శరీర బరువుకు ఆరు రెట్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ లాగుడు పడుతుంది. ఏళ్ల తరబడి కాస్త ఎత్తు మడమకు అలవాటుపడిన దాన్ని ఒక్కసారిగా దించితే, రెండు మూడు పరుగుల్లోనే పిక్క బిగుసుకుపోతుంది. ఇంకా మొండికేస్తే మడమ వెనక వాపు. రోజంతా ఆఫీసులో హీల్స్‌ వేసుకునే మహిళలకు ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే ఏళ్ల తరబడి హీల్స్‌ వాడితే పిక్క కండరం పొట్టిబడి, స్నాయువు బిరుసెక్కుతుంది.

తక్కువ డ్రాప్‌ నుంచి ఎక్కువ డ్రాప్‌కు, మెత్తటి మడమకు మారితే కథ తిరగబడుతుంది. పిక్క హాయిగా ఉంటుంది. మడమ ముందుగా నేలను తాకడం, అడుగు పొడవు పెరగడం వల్ల మోకాలి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. మోకాలి నొప్పితో బాధపడే మిత్రుడికి తక్కువ డ్రాప్‌ షూ అంటగట్టి, ‘చూశావా, నొప్పి పోయింది’ అని సంబరపడేవాళ్లు చాలామంది కనిపిస్తారు. పోయిన మాట నిజమే కావచ్చు. నెల తిరిగాక పిక్క ఏమంటోందో కూడా ఆయన్ని అడగాలి.

డ్రాప్‌ ఒక్కటే కాదు. సోల్‌ మందం పెరిగితే పాదం నేలకు ఎత్తుగా ఉండి, గతుకుల రోడ్డు మీద చీలమండ బెణికే అవకాశం పెరుగుతుంది. ముందు భాగం పడవలా పైకి వంగి ఉంటే బొటనవేలికి పని తగ్గుతుంది. లోపలివైపు గట్టి నురుగు పెట్టిన షూ నుంచి మామూలు దానికి మారితే, పాదం లోపలికి ఒరగకుండా ఆపే చిన్న కండరాలన్నీ కొత్తగా కష్టపడాలి.

మెత్తగా ఉంటే దెబ్బ తగలదనే నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. ఫిన్లాండ్‌ పరిశోధకులు 2018లో మందపాటి మెత్తటి షూని మామూలు షూతో పోల్చి చూశారు. వేగం పెరిగినప్పుడు మెత్తటి షూలోనే నేల తాకిడి ఎక్కువగా నమోదైంది. కింద మెత్తగా ఉందని తెలియగానే కాలు తనంతట తానే బిర్రబిగుసుకుని దిగుతుందన్నది వాళ్ల వివరణ. అలాగని గట్టి షూ మేలనీ కాదు. లగ్జెంబర్గ్‌లో 848 మంది రన్నర్ల మీద జరిపిన పరీక్షలో (2020) గట్టి సోల్‌ వాడినవాళ్లే ఎక్కువగా గాయపడ్డారు. విచిత్రమేమిటంటే, మెత్తటి సోల్‌ వల్ల లాభం బరువైనవాళ్ల కంటే తేలికైనవాళ్లకే ఎక్కువగా కనిపించింది. ‘లావుగా ఉన్నారు కాబట్టి బాగా మెత్తటిది తీసుకోండి’ అనే సేల్స్‌మన్‌ సలహాను ఇక కాస్త ఆలోచించి పాటించాలి.

కండరం తొందరపడుతుంది, ఎముక పడదు

కొత్త షూతో మొదటి వారం బాగానే గడిచిందని మురిసిపోయి దూరం పెంచేస్తుంటారు. చిక్కంతా ఇక్కడే. కొత్త పనికి కండరం కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. రక్తప్రసరణ తక్కువగా ఉండే స్నాయువుకు నెలలు కావాలి. ఎముక తీరే వేరు. కొత్త ఒత్తిడి పడ్డ చోట శరీరం ముందు పాత ఎముకను కొద్దికొద్దిగా తొలిచేసి, ఆ ఖాళీలో కొత్త ఎముకను నింపుతుంది. ఈ పని పూర్తవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తొలిచేయడం అయి, నింపడం ఇంకా పూర్తికాని ఆ మధ్యకాలంలో ఎముక ముందున్న దానికంటే బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే ‘అలవాటైపోయింది’ అనుకుని దూరం, వేగం రెండూ పెంచితే సన్నగా చిట్లుతుంది.

ఈ సంగతి వైద్యులకు ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. 1855లో ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్‌, సుదీర్ఘ కవాతుల తర్వాత సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గమనించి రాసిపెట్టాడు. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు కాబట్టి లోపల జరిగేదేమిటో ఆయనకు కనిపించలేదు. ఎక్స్‌రేలు వచ్చాక అవి వేళ్ల వెనకుండే పొడవాటి ఎముకల్లో చిట్లులని తేలింది. వాటికి ‘మార్చ్‌ ఫ్రాక్చర్‌’ అనే పేరు స్థిరపడింది.

ఒట్టి కాళ్ల వెర్రి, మందపాటి సోల్‌ వెర్రి

షూ హఠాత్తుగా మారిస్తే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకేసారి చూసిన సందర్భం ఒకటుంది. 2009లో క్రిస్టఫర్‌ మెక్‌డూగల్‌ రాసిన ‘బార్న్‌ టు రన్‌’ పుస్తకం అమెరికాలో సంచలనమైంది. పలుచటి చెప్పులతో కొండల్లో మైళ్లకు మైళ్లు పరిగెత్తే మెక్సికో తారాహుమారా తెగవాళ్ల కథ అది. మరుసటేడు హార్వర్డ్‌ శాస్త్రవేత్త డేనియల్‌ లీబర్‌మన్‌ ‘నేచర్‌’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. ఒట్టి కాళ్లతో పరిగెత్తడం అలవాటున్నవాళ్లు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారని, దాంతో మడమకు తగిలే దెబ్బ తగ్గుతుందని అందులో చూపించారు. ఇక షూ పారేసినవాళ్లు పారేశారు, అయిదు వేళ్లకు అయిదు అరలున్న గ్లౌజుల్లాంటి ‘వైబ్రమ్‌ ఫైవ్‌ఫింగర్స్‌’ కొన్నవాళ్లు కొన్నారు.

పలుచటి సోల్‌ మీద పెరిగిన కాలికి అది బాగానే ఉంటుంది. ముప్ఫై ఏళ్లు మెత్తటి మడమ మీద బతికిన కాలి మాటేమిటి? బ్రిగమ్‌ యంగ్‌ యూనివర్సిటీ పరిశోధకులు అనుభవమున్న 36 మంది రన్నర్లను తీసుకున్నారు. కొందరిని పాత షూస్‌తోనే కొనసాగించి, 19 మందిని పది వారాల పాటు ఆ పలుచటి షూకి క్రమంగా మార్చారు. ముందూ తర్వాతా ఎంఆర్‌ఐ తీస్తే, మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల్లో వాపు పెరిగిందని తేలింది. ఎముక చిట్లడానికి ముందు కనిపించే గుర్తు అది. 2013లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆ తర్వాతి ఏడాది, పాదాలు బలపడతాయని తగిన ఆధారాల్లేకుండా ప్రచారం చేసిందన్న దావాలో, తప్పు ఒప్పుకోకుండానే వైబ్రమ్‌ కంపెనీ 37.5 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది.

ఒక వెర్రి తగ్గగానే ఇంకోటి మొదలైంది. 2009లోనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు మొదలుపెట్టిన ‘హోకా’ మందపాటి సోల్‌నే ఫ్యాషన్‌ చేసింది. 2017లో నైకీ తన ‘వేపర్‌ఫ్లై’లో మెత్తటి తేలికపాటి నురుగు మధ్య కార్బన్‌ ఫైబర్‌ పలకను పెట్టింది. 2019 అక్టోబరు 12న వియన్నాలో ఎలియుడ్‌ కిప్‌చోగె మారథాన్‌ దూరాన్ని గంటా 59 నిమిషాల 40 సెకన్లలో పూర్తిచేసింది ఆ కుటుంబానికే చెందిన షూతో. పరిస్థితి ఎంతదాకా వెళ్లిందంటే 2020 జనవరిలో వరల్డ్‌ అథ్లెటిక్స్‌ కల్పించుకుని, రోడ్డు పరుగు షూ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని, పలక ఒకటికి మించకూడదని హద్దు గీయాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇరవై వేలు దాటిన అదే రకం షూస్‌ హైదరాబాద్‌, బెంగళూరుల్లో పది కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ల కాళ్లకూ కనిపిస్తున్నాయి. వేగం ఇస్తాయి, అందులో సందేహం లేదు. కానీ పలక వల్ల పాదం వంగే తీరు మారుతుంది, భారం పాదం మధ్య భాగానికి జరుగుతుంది. కార్బన్‌ షూస్‌తో పరిగెత్తి, పాదం మధ్యలో ఉండే నావిక్యులర్‌ ఎముక దెబ్బతిన్న అయిదుగురు అథ్లెట్ల వివరాలను అమెరికా వైద్యులు 2023లో ప్రచురించారు. అయిదుగురిని చూసి తీర్పు చెప్పేయలేం. అయితే నావిక్యులర్‌కు రక్తం సరిగా అందదు, చిట్లితే నెలల తరబడి మానదు. కాబట్టి ఆ హెచ్చరికను తేలిగ్గా తీసుకోకూడదు. పోటీ రోజుకు, వారానికో వేగపు పరుగుకు సరే, రోజువారీ జాగింగ్‌కు ఈ షూ అనవసరం.

పాతది చచ్చిపోయాక కొత్తది కొంటే

మనవాళ్లలో ఎక్కువమంది షూ మార్చేది పాతది పూర్తిగా అరిగిపోయాకే. అదీ నొప్పికి ఒక కారణమే. షూ మధ్య పొరలో ఉండే ఈవీఏ నురుగు నిండా గాలి బుడగలు. వేల అడుగుల తర్వాత అవి నలిగి, మళ్లీ ఉబ్బడం మానేస్తాయి. 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చమనే లెక్క అందుకే. ఇది ఉజ్జాయింపు మాత్రమే, మనిషినీ రోడ్డునీ బట్టి మారుతుంది.

మీ పాత షూని ఓసారి బల్ల మీద పెట్టి, కంటికి సమానమైన ఎత్తులో వెనకనుంచి చూడండి. మడమ భాగం ఒకవైపు ఒరిగి ఉంటుంది. సోల్‌ పక్క భాగాన్ని బొటనవేలితో నొక్కండి. ఆ తెల్ల నురుగు మీద ముసలితనపు ముడతల్లాంటి అడ్డగీతలు కనిపిస్తాయి, వేలు దిగదు. తిరగేస్తే మడమ బయటి అంచున రబ్బరు అరిగి లోపలి నురుగు బయటపడి ఉంటుంది. ఇదంతా రోజుకింత చొప్పున జరిగింది కాబట్టి కాలు కూడా రోజుకింత సర్దుకుంటూ వచ్చింది. అలాంటి కాలికి ఓ సోమవారం పొద్దున నిగనిగలాడే కొత్త షూ తొడిగితే, అదే కంపెనీ అదే మోడల్‌ అయినా తేడా పెద్దదే. పైగా కంపెనీలు పేరు అలాగే ఉంచి, కొత్త వెర్షన్‌లో నురుగు, మందం, వెడల్పు మార్చేస్తుంటాయి. ‘ఎప్పుడూ కొనే షూనే కదా’ అనుకోవద్దు.

అటక మీద డబ్బాలో భద్రంగా దాచిన షూ కూడా కొత్తది కాదు. పాలీయురేథేన్‌ సోల్‌ అయితే గాలిలో తేమకే లోపల కుళ్లిపోతుంది. కోస్తా జిల్లాల్లో, నాలుగేళ్ల తర్వాత తీసి వేసుకోగానే సోల్‌ పిండిలా రాలిపోవడం చాలామందికి అనుభవమే.

మన పాదానికి మన కొలత

ఇంకో నొప్పి షూ ముందు భాగంలో పుడుతుంది. మన దుకాణాల్లోని సైజులు బ్రిటన్‌వి, యూరప్‌వి, అమెరికావి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ (సీఎల్‌ఆర్‌ఐ) 2021-22లో దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా ప్రజల పాదాలు కొలిచి, మనవాళ్ల పాదాలు వాళ్లకంటే వెడల్పని తేల్చింది. అందుకే ‘భ’ పేరుతో భారతీయ సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. ఈలోగా ఇరుకు షూలో వేళ్లు ఒకదాని మీదొకటి ఎక్కుతూనే ఉన్నాయి. మూడు, నాలుగు వేళ్ల మధ్య నరం నలిగి, గులకరాయి మీద కాలేసినట్టు మంట పుడుతుంది. బొటనవేలి గోరు నల్లబడుతుంది. చాలామంది వెడల్పు చాలక ఒక సైజు పెద్దది కొంటారు. అప్పుడు మడమ వదులై, షూ జారకుండా వేళ్లతో పట్టుకోవాల్సి వచ్చి అరికాలు నొప్పి మొదలవుతుంది. దానికంటే ‘వైడ్‌’ అని రాసి ఉన్న జత కోసం పట్టుబట్టి అడగడం మంచిది. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పరుగుకు వేసుకునే సాక్స్‌తోనే వెళ్లి రెండు కాళ్లకూ తొడిగి చూడండి. పొడవైన వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి.

కొన్ని దుకాణాల్లో ట్రెడ్‌మిల్‌ మీద పరిగెత్తించి, మీది చదునైన పాదం కాబట్టి ఫలానా షూనే వాడాలని చెబుతారు. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్లలో వేల మంది కొత్త సైనికులకు అరికాలి ఆకారాన్ని బట్టి షూ ఇచ్చి చూస్తే గాయాలేమీ తగ్గలేదు. వేసుకుని పది అడుగులు పరిగెత్తగానే హాయిగా అనిపించే షూని ఎంచుకోమని బయోమెకానిక్స్‌ నిపుణుడు బెన్నో నిగ్‌ చెప్పిన మాటే నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది.

మధుమేహం ఉన్నవాళ్లు మాత్రం ఆ ‘హాయి’ని నమ్మకూడదు. పొద్దున్నే పార్కుల్లో నడిచేవాళ్లలో సగం మంది డాక్టరు చెబితే వచ్చినవాళ్లే కదా. షుగర్‌ వల్ల పాదంలో స్పర్శ తగ్గితే, కొత్త షూ ఒరుసుకుని పుండు పడినా తెలియదు. వెల్లూరులో డాక్టర్‌ పాల్‌ బ్రాండ్‌ కుష్ఠు రోగుల పాదాలు పుండ్లు పడటానికి కారణం వెతికి, వాళ్లకు నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదమని తేల్చారు. వాళ్ల కోసం అక్కడ వాడిన మెత్తటి రబ్బరే, ఇవాళ షుగర్‌ ఉన్నవాళ్లు కొనే ఎంసీఆర్‌ చెప్పుల్లోనూ ఉంటుంది. స్పర్శ తగ్గినవాళ్లు కొత్త షూని మొదటి రోజు ఇంట్లోనే అరగంట వేసుకుని, విప్పాక పాదం నలుమూలలా చూసుకోవాలి. ఎర్రబడిన చోటు కాసేపటికీ మామూలు రంగుకు రాకపోతే ఆ షూ వద్దు.

ఎలా మార్చాలి?

పాతది ఇంకా కొన ఊపిరితో ఉండగానే కొత్తది కొనండి. మొదటి వారం నడకకే వాడండి. రెండో వారం ఒక్క చిన్న పరుగు, రెండు మూడు కిలోమీటర్లు చాలు, మిగతావి పాతదానితోనే. తర్వాత వారానికో పరుగు చొప్పున పెంచుకుంటూ వెళ్తే నెలా రెండు నెలల్లో మార్పు పూర్తవుతుంది. జీరో డ్రాప్‌కో పలుచటి సోల్‌కో మారాలంటే నెలలు కేటాయించాలి. ఆ మధ్యలో దూరం, వేగం, ఫ్లైఓవర్‌ ఎక్కడం ఏదీ కొత్తగా కలపొద్దు. రెండు మూడు రకాల షూస్‌ మార్చి మార్చి వాడటం ఇంకా మంచిది. 264 మంది రన్నర్లను 22 వారాలు గమనించిన ఒక అధ్యయనంలో (2015) అలా వాడినవాళ్లకు గాయాల ముప్పు 39 శాతం తక్కువగా ఉంది.

నొప్పి వస్తే ఎలాంటి నొప్పో చూడండి. రెండు పిక్కలూ సమానంగా పట్టేసి, రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. పొద్దున తొలి అడుగుకు మడమలో పోటు వస్తే అరికాలి పొర మీద భారం ఎక్కువైనట్టు, పరుగు తగ్గించాలి. మడమ వెనక నొప్పి మొండికేస్తే మెట్టు అంచున ముందు పాదాల మీద నిలబడి మడమలను మెల్లగా కిందికి దించే వ్యాయామం ఉంది. స్వీడన్‌ సర్జన్‌ అల్ఫ్రెడ్‌సన్‌ 1998లో దీన్ని పన్నెండు వారాలు చేయించి మంచి ఫలితం చూపించారు. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయండి. ఎముక మీద ఒక్క వేలితో చూపించగలిగేంత చిన్న చోట నొప్పి ఉండి, పరిగెత్తేకొద్దీ పెరుగుతూ రాత్రిళ్లు కూడా సలుపుతుంటే వెంటనే ఆపేసి ఆర్థోపెడిక్‌ డాక్టరును కలవాలి. చిట్లు ఉన్నా మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగు మొదలుపెట్టకండి.

ఈ మాటలు అందరికంటే ఎక్కువగా చేరాల్సింది ఊళ్లలో కానిస్టేబుల్‌ ఉద్యోగానికి సిద్ధమవుతున్న పిల్లలకు. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో అబ్బాయిలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలని ఉంది. చెరువుగట్టు మీదో హైస్కూలు గ్రౌండ్‌లోనో ఒట్టి కాళ్లతో నెలల తరబడి ప్రాక్టీసు చేసి, ఈవెంట్స్‌కు ముందురోజు అన్నయ్య కొనిచ్చిన కొత్త షూతో దిగేవాళ్లున్నారు. 1960 రోమ్‌ ఒలింపిక్స్‌లో ఇథియోపియా రన్నర్‌ అబెబె బికిలాకూ కొత్త షూ సరిపడలేదని చెబుతారు. ఒట్టి కాళ్లతో సాధన చేశాడు, ఒట్టి కాళ్లతోనే మారథాన్‌ గెలిచాడు. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో షూ వేసుకునీ గెలిచాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! షూ కొనదలిస్తే నోటిఫికేషన్‌ వచ్చిన వారమే కొనండి. ఈవెంట్స్‌ నాటికి అది మీ కాలికి కనీసం రెండు నెలల పాతదై ఉండాలి. అంత టైం లేకపోతే ఇన్నాళ్లూ ఎలా పరిగెత్తారో అలాగే గ్రౌండ్‌లోకి దిగండి.